బడబాగ్ని పక్కన నత్తలు: బొమ్మల కొలువు కోసం సముద్రగర్భ అగ్నిపర్వతం (ప్రాజెక్టు డైరీ)

దశ 1: తప్పు సముద్రం (రోజు 1 నుంచి 12)

రోజు 12. చేసిన 36 గొట్టపు పురుగులనూ అట్టపెట్టెలో సర్ది అటకెక్కించాను. పదకొండు సాయంత్రాల పని అది. జ్యూస్ స్ట్రాకు తెల్ల టిష్యూ కాగితం చుట్టి, కొసన ఎర్ర ఊలు కుచ్చు కట్టాను. ఒక్కోటి 20 సెం.మీ. అసలు పురుగు 2 మీటర్ల పొడవు పెరుగుతుంది కాబట్టి పదో వంతు స్కేలు అనుకున్నాను.

బొమ్మల్లో తప్పు లేదు. వాటిని పెట్టబోయిన చోటే తప్పు. చెన్నై పెరంబూరులో మా ఇంట్లో ఏటా కొలువు మెట్ల పక్కన ఒక పార్కు పెడతాం. ఈసారి అక్కడ సముద్రం అడుగున పొగలు కక్కే చిమ్నీ, దాని చుట్టూ బతికే జీవాలు పెడదామని మొదలుపెట్టాను. దొరికిన వింత జీవమల్లా చేసుకుంటూ పోయాను. తీరా పేరు చీటీలు రాయబోతే ఒక్కోటి ఎక్కడిదో బయటపడింది.

1. ఎర్ర కుచ్చుల గొట్టపు పురుగు: తూర్పు పసిఫిక్. 1977లో గాలపాగోస్ దగ్గర 2,500 మీటర్ల లోతున, ఆల్విన్ జలాంతర్గామిలో దిగిన భూగర్భ శాస్త్రవేత్తలకు కనబడింది. నోరు లేదు, పేగు లేదు. ఒంట్లోని బ్యాక్టీరియా వండిపెడితే తింటుంది.
2. పాంపీ పురుగు: ఇదీ తూర్పు పసిఫిక్‌దే.
3. చేతులనిండా వెంట్రుకలున్న యతి పీత: 2005లో ఈస్టర్ దీవికి దక్షిణాన దొరికింది.
4. ఇనుప పొలుసుల నత్త: హిందూ మహాసముద్రంలో తప్ప ఇంకెక్కడా లేదు. 2001లో బయటపడింది.

ఈ నాలుగూ ఒకే గుట్ట మీద కూర్చుంటే పులి, కంగారూ, పెంగ్విన్ ఒకే అడవిలో ఉన్నట్టే. చూసేవాళ్లకు తెలియకపోవచ్చు, కానీ నాకు తెలిశాక పెట్టలేను. ఒక చిమ్నీ దగ్గర పుట్టిన జీవానికి ఆ కాస్త వేడినీళ్ల చోటే ఊరు. చుట్టూ వందల కిలోమీటర్లు చల్లటి చీకటి.

మార్చినవి రెండు. చోటు: మధ్య హిందూ మహాసముద్రపు గట్టు మీద, 2,400 మీటర్లకు పైగా లోతున, 2000లో జపాన్ వాళ్లు కనిపెట్టిన కైరే అనే వేడినీటి బుగ్గల ప్రాంతం. ఆ గట్టు పొడవునా అగ్నిపర్వతాల వరస. మనం మెరీనాలో కాళ్లు తడుపుకునే నీళ్లు ఆ సముద్రానివే. స్కేలు: అసలు సైజే. నత్త పెంకు అడ్డంగా 4.5 సెం.మీ. దాకా ఉంటుంది. పదో వంతు చేస్తే ఆవగింజంత నత్త ఎవరికి కనబడుతుంది? అందుకని చిమ్నీ మొత్తం కాకుండా, ఓ జానెడు ముక్క మాత్రమే చూపిద్దామని నిర్ణయించాను.

దశ 2: తొట్టి, చిమ్నీ (రోజు 13 నుంచి 38)

కొళత్తూరు చేపల బజారులో తొట్టి చేయించాను. 60 × 30 × 40 సెం.మీ., 6 మి.మీ. అద్దం. 35 సెం.మీ. దాకా నింపితే 63 లీటర్లు. నీళ్లు 63 కిలోలు, అద్దం సుమారు 13 కిలోలు, పైన చిమ్నీ. కొలువు మెట్టు మోయదు, ఇనుప స్టాండు తప్పదు. స్టాండు కింద నేల మట్టంగా ఉందో లేదో గోళీ దొర్లించి చూసుకోండి. మా హాల్లో గోళీ వరండా వైపు పారిపోయింది. కాళ్ల కింద రబ్బరు ముక్కలు పెట్టి సరిచేశాను.

తొట్టి 1,600, స్టాండు 1,200. ఇప్పటిదాకా రూ. 2,800.

చిమ్నీ మూడుసార్లు చేశాను.

మొదటిది థర్మోకోల్‌ని చెక్కి, సిమెంటు పూత పూసి, సిలికాన్‌తో అడుగుకు అంటించింది. నీళ్లు 22 సెం.మీ.కు చేరేసరికి టప్‌మని ఊడి పైకి తేలింది. దాని ఘనపరిమాణం 1.8 లీటర్లు, అంటే దాదాపు 1.8 కిలోల బలంతో పైకి తన్నుతోందన్నమాట. ఈ లెక్క ముందే వేసుకోవాల్సింది.

రెండోది ప్లాస్టర్ ఆఫ్ పారిస్. మునిగింది, నిలబడింది. ఉప్పునీళ్లలో మూడో రోజుకు గోరుతో గీస్తే గీత పడేంత మెత్తబడి, తొట్టి పాలరంగుకు తిరిగింది.

మూడోది నిలిచింది. అది ఇలా:

1. సిమెంటు ఒక పాలు, జల్లించిన ఇసుక రెండు పాళ్లు, ముద్ద ఇడ్లీ పిండికన్నా గట్టిగా.
2. మధ్యలో 5 మి.మీ. లోపలి వ్యాసమున్న సిలికాన్ గొట్టం, నిలువుగా.
3. చేత్తో పిడికెళ్లు పిడికెళ్లుగా పెట్టడం. నున్నగా చేయకండి. అసలు చిమ్నీలు పుట్టలా గరుకుగా, పక్క కొమ్మలతో ఉంటాయి.
4. తడి గోనెసంచి చుట్టి ఏడు రోజులు.
5. నీళ్లలో మూడు రోజులు, తర్వాత పలచటి చింతపండు నీళ్లలో మూడు రోజులు, మళ్లీ మంచినీళ్లలో ఒక రోజు.
6. బాగా ఆరాక పైన ఎపాక్సీ పూత, రెండుసార్లు.

అయిదో మెట్టు దాటేయకండి. కొత్త సిమెంటు క్షారం వదులుతుంది. నా పీహెచ్ పట్టీ మొదట 10 దగ్గర చూపించింది, నానబెట్టి కడిగాక 8. దాని అవసరం పొగ దగ్గర తెలుస్తుంది.

ఈ దశకు 950. మొత్తం రూ. 3,750. ఇందులో వృథా 390.

దశ 3: పొగ (రోజు 30 నుంచి 61)

ఎక్కువ రోజులు తిన్నది ఇదే. అక్వేరియం షాపుల్లో ఎర్ర లైటుతో, గాలి బుడగలతో అగ్నిపర్వతం బొమ్మ దొరుకుతుంది. అది నాకు వద్దు. చిమ్నీలోంచి వచ్చేది లావా కాదు, గాలీ కాదు, నిజానికి పొగ కూడా కాదు. సముద్రపు నీరే నేల పగుళ్లలోంచి లోపలికి దిగి, వేడి రాళ్లను తాకి, ఇనుము, రాగి, జింకు లాంటి లోహాలనూ గంధకాన్నీ కరిగించుకుని 350 డిగ్రీలకు పైబడిన వేడితో తిరిగి ఎగజిమ్ముతుంది. పైన నీటి బరువు మామూలు గాలి ఒత్తిడికి 240 రెట్లు కాబట్టి అంత వేడిలోనూ మరగదు. బయట నీళ్లు 2 డిగ్రీలు. రెండూ కలిసిన క్షణంలో కరిగిన లోహాలు సల్ఫైడు రేణువులుగా విడిపోతాయి. మనకు కనబడే నలుపు ఆ రేణువులదే. ఆ రేణువులు, ఖనిజాలు పేరుకుని గట్టిపడితేనే చిమ్నీ. 1979లో ఇలాంటి వాటిని మొదటిసారి చూసినప్పుడు ఆల్విన్ ఉష్ణమాపకపు ప్లాస్టిక్ కడ్డీ కరిగింది.

ప్రయత్నం 1: పోస్టర్ నలుపు, చల్లటి నీళ్లు, చిన్న మునిగే పంపు. పొగ 9 సెం.మీ. లేచి, వంగి, కిందికి జారింది. 20 నిమిషాలకు తొట్టంతా మసి. 63 లీటర్లూ పారబోశాం.

ప్రయత్నం 2: అదే రంగు, 60 డిగ్రీల వేడినీళ్లు. గొట్టంలో రావడంలోనే చల్లారి మూతి దగ్గర 41 డిగ్రీలు. లేచింది కానీ నీరసంగా. 35 నిమిషాలకు మళ్లీ మసి.

ప్రయత్నం 3: తొట్టిలో ఉప్పునీళ్లు, పొగకు మంచినీళ్లు. లీటరుకు 35 గ్రాముల చొప్పున 63 లీటర్లకు 2.2 కిలోల కల్లుప్పు. వంటింటి తూకం మీద లీటరు ఉప్పునీళ్లు మంచినీళ్లకంటే 24 గ్రాములు ఎక్కువ తూగాయి. 41 డిగ్రీల నీళ్లకూ తొట్టి నీళ్లకూ తేడా 4 గ్రాములే. పొగ ఈసారి నిలువుగా లేచి ఉపరితలాన్ని తాకింది. అక్కడ వేడితో లేచేది ఇక్కడ ఉప్పు తేడాతో లేస్తోంది. ఆ ముక్క చీటీలో రాశాను. కల్లుప్పును వేరే బకెట్లో కరిగించి, రెండు రోజులు తేర్చి, పాత పంచెలో వడకట్టాలి. లేకపోతే తొట్టి అడుగున మట్టి.

లేవడం కుదిరింది, మసి మాత్రం పోలేదు. ప్రతి ప్రదర్శనకూ 63 లీటర్లు మార్చడం చెన్నైలో తప్పు పని. నీళ్ల లారీ కోసం బిందెలు పట్టుకుని నిలబడిన వీధి ఇది.

ఇక్కడ అత్తయ్య చీర అడ్డుపడి కాపాడింది. ఆవిడ మోకాలికి దెబ్బ తగిలితే దూదితో అయోడిన్ మందు రాస్తున్నాను, ఒక చుక్క ఆవిడ గంజి పెట్టిన నేత చీర అంచు మీద పడింది. ఎర్రమట్టి రంగు చుక్క కళ్లముందే నల్లబడింది. నలుపంటే మామూలు నలుపు కాదు, సిరా బుడ్డి మూతి నలుపు, అంచుల్లో నీలం. ఆవిడ "అయ్యో, మరక!" అంటుంటే నేను ఆ మరకనే చూస్తూ కూర్చున్నాను. గంజి, అయోడిన్. డిగ్రీ ల్యాబ్‌లో బ్యూరెట్ తిప్పి తిప్పి ఈ నలుపును ఒక్క చుక్క హైపోతో (సోడియం థయోసల్ఫేట్) మాయం చేసిన గుర్తు. ఆ హైపో పలుకులే అక్వేరియం షాపులో క్లోరిన్ పోవడానికి అమ్ముతారు. అంటే తొట్టిలో హైపో ఉంటే, పొగ నల్లగా బయలుదేరి, నీళ్లతో కలిసేకొద్దీ దానంతట అదే మాయమవ్వాలి.

చీర మరకకూ హైపో నీళ్లే వాడాను. పోయింది.

ప్రయత్నం 4: కొలతలు.

1. పొగ నీళ్లు, ఒక లీటరు: 5 శాతం పోవిడోన్ అయోడిన్ ద్రావణం 20 మి.లీ., చిక్కటి గంజి 20 మి.లీ., మిగతా మంచినీళ్లు.
2. తొట్టిలో హైపో 10 గ్రాములు. ఫలితం: మూతి దాటి 2 సెం.మీ.లో పొగ మాయం. ఎక్కువైంది.
3. కొత్త నీళ్లలో 3 గ్రాములు: 11 సెం.మీ.
4. మళ్లీ కొత్త నీళ్లలో 1 గ్రాము: 24 సెం.మీ. లేచి, పైన పలచని నీలి మేఘమై, నిమిషంన్నరలో తేటపడింది. ఇదే ఖాయం.

చింతపండు నీళ్లలో నానబెట్టని సిమెంటు ముక్క పక్కన పెట్టి చూస్తే, హైపో లేకపోయినా నలుపు వెలిసిపోయింది. క్షారంలో ఆ రంగు నిలవదు. అందుకే దశ 2లో ఆ అయిదో మెట్టు.

ఒక గ్రాము హైపో దాదాపు 5 లీటర్ల పొగ నీళ్లను తేటపరుస్తుంది. ఒక ప్రదర్శన 3 నిమిషాలు, నిమిషానికి 60 మి.లీ., అంటే 180 మి.లీ. రోజుకు మూడు చొప్పున తొమ్మిది రోజులకు 27 ప్రదర్శనలు, 4.9 లీటర్లు. ప్రతిసారీ తొట్టి మట్టం సరిగ్గా 1 మి.మీ. పెరుగుతుంది. చివరికి 2.7 సెం.మీ. పైన 5 సెం.మీ. ఖాళీ ఉంది, ఒలకదు.

రెండు మార్పులు తర్వాత చేశాను. మునిగే పంపు లోపలి ఇనుప ఇరుసును అయోడిన్ తినేసింది. దాని బదులు రిచీ స్ట్రీట్‌లో 12 వోల్టుల పెరిస్టాల్టిక్ పంపు తెచ్చాను. రోలర్లు గొట్టాన్ని బయటినుంచి నొక్కుతాయి, ద్రావణం లోహాన్ని తాకదు. కానీ పొగ గుక్కలు గుక్కలుగా వచ్చింది. సెలైన్ సెట్‌లో ఉండే బొట్లు పడే చిన్న గదిని మధ్యలో బిగిస్తే, అందులోని గాలి ఆ కుదుపుల్ని మింగేసి ధార నిలకడైంది. పంపు ఖర్చు వద్దనుకునేవాళ్లు సెలైన్ బాటిల్‌నే ఎత్తున వేలాడదీసి చక్రం తిప్పుకున్నా సరిపోతుంది. పొగ అదే.

రెండోది వాసన. ట్రయల్ తొట్టి మూడో రోజుకు పులిసిపోయి మబ్బుపట్టింది. గంజి అంత అక్కర్లేదు. లీటరుకు ఒక గ్రాము మొక్కజొన్న పిండి ఉడకబెట్టి, చల్లార్చి కలిపితే అదే నలుపు. అయిదో రోజు మబ్బు లేదు. అయినా కొలువు మధ్యలో ఒకసారి సగం నీళ్లు మార్చాలని రాసి పెట్టుకున్నాను.

ఈ దశకు 1,570. మొత్తం రూ. 5,320. వృథా 700.

దశ 4: ప్రాణులు (రోజు 50 నుంచి 79)

నత్తలు ఆరు, రొయ్యలు 22, తెల్ల పీతలు 2, సముద్రపు పూలు (సీ అనిమోన్లు) 9, ఆలిచిప్పలు 14. అన్నీ ఎపాక్సీ మట్టితో.

రొయ్యలన్నిటికీ నల్లపూసల కళ్లు పెట్టాను. 44 పూసలు. పెట్టిన మర్నాడు పీకాను. ఇవి రిమికారిస్ జాతి రొయ్యలు, వాటికి మన కూర రొయ్యల్లా కాడల మీద కళ్లుండవు. వీపు మీద చర్మం కింద వెలుతురును పసిగట్టే ఒక అవయవం ఉంటుంది, బయటికి లేత గులాబీ మచ్చలా కనబడుతుంది. అట్లాంటిక్‌లోని వీటి దాయాదులలో సముద్ర జీవశాస్త్రవేత్త సిండీ వాన్ డోవర్ బృందం దీన్ని 1989లో బయటపెట్టింది. బొమ్మ విరగకుండా పూస పీకడానికి వేడి సూది వాడాను. గుంటల్ని మట్టితో పూడ్చి, వీపున గులాబీ గీతలు రెండు. మూడు రొయ్యల తలలు విరిగాయి. ఆ మూడూ గుంపు అడుగున ఉన్నాయి.

పీతలు, పూలు, చిప్పలు తేలిగ్గానే అయిపోయాయి.

నత్త మాత్రం నన్ను కట్టిపడేసింది. దీని పాదం పక్కలంతా పొలుసులు, పెంకుటింటి కప్పులా ఒకదాని మీద ఒకటి. వాటి మీద ఇనుప సల్ఫైడు పూత. పెంకు మూడు పొరలు: బయట ఇనుప సల్ఫైడు, మధ్యలో మందమైన మెత్తటి పొర, లోపల మామూలు నత్తల్లాంటి సున్నపు పొర. బయటి దెబ్బను మెత్తటి పొర పీల్చుకుంటుంది. తిండి మళ్లీ బ్యాక్టీరియాదే. గొంతు దగ్గర బాగా ఉబ్బిన ఒక గ్రంథిలో వాటికి ఇల్లిచ్చి పోషిస్తుంది. ఆ గ్రంథికి రక్తం అందించడానికి గుండె కూడా పెద్దదే, ఒంట్లో 4 శాతం.

పొలుసులకు ప్యారీస్ కార్నర్ వెనక సందుల్లో చీరల పనికి అమ్మే నల్ల చమ్కీలు తెచ్చాను. ఒక్కో నత్తకు 210, మొత్తం 1,260.

మొదటి నత్తకు చేసిన తప్పులు:

1. చమ్కీలు పైనుంచి కిందికి అంటించాను. పెంకులు నేసేవాడెవడూ అలా చేయడు. కింది వరస ముందు, పై వరస దానిమీద సగం ఎక్కాలి.
2. తెల్ల జిగురు వాడాను. ఉప్పునీళ్లలో ఒక్క రాత్రికి 60 పొలుసులు రాలాయి. తర్వాతవన్నీ ఎపాక్సీతోనే.
3. పెంకు రంగుకు నిజం ఇనుప రజను అద్దాను. రెండు రోజులకు తుప్పు నారింజ. దాని బదులు ఎపాక్సీలో పెన్సిల్ గ్రాఫైటు పొడి కలిపి పూసి, ఆరాక గుడ్డతో రుద్దితే ఇనుప మెరుపు వచ్చింది.

ఒక్కో నత్తకు పట్టకారు పట్టుకుని నాలుగు గంటలు. నాలుగో నత్త నుంచి అత్తయ్య చమ్కీలు వరసగా పళ్లెంలో బోర్లించి అందించడం మొదలుపెట్టింది, అప్పుడు గంటన్నర తగ్గింది. పనిలో ఉండగా అడిగింది:

"సముద్రంలో నిప్పు, నిప్పు పక్కన నత్తలు. బడబాగ్ని అంటే ఇదేనా అమ్మాయ్?"

"పురాణంలో అది సముద్రాన్ని తాగే నిప్పు కదత్తయ్యా. ఇది అన్నం పెట్టే నిప్పు" అన్నాను. చీటీ మీద పెద్దక్షరాలతో బడబాగ్ని అనే రాయమంది. రాశాను.

అమరికలో ఇంకో దిద్దుబాటు. చూడముచ్చటగా ఉంటుందని నత్తల్ని చిమ్నీ మూతికి దగ్గరగా పెట్టాను. మూతి దగ్గర ఏ ప్రాణీ ఉండదు, ఉడికిపోతుంది. వేడినీరు చల్లనీటితో బాగా కలిసే గోడల మీద రొయ్యలు ముసురుతాయి. నత్తలు గోరువెచ్చని నీరు ఊరే పగుళ్ల దగ్గర గుంపుగా ఉంటాయి. పూలు, చిప్పలు ఇంకా ఎడంగా, చల్లగా ఉండే చోట. మూతి చుట్టూ 6 సెం.మీ. ఖాళీ వదిలి అన్నీ మార్చి అంటించాను.

ఈ దశకు 1,170 (గొట్టపు పురుగుల 210తో కలిపి). మొత్తం రూ. 6,490. వృథా 730. పురుగుల్ని వృథాలో వేయలేదు. అత్తయ్య పట్టుబట్టి ఒక్కటి మాత్రం అసలు సైజులో, 2 మీటర్ల తెల్ల గుడ్డ గొట్టం, ఎర్ర పట్టు కుచ్చు, కుట్టించి ఎదురు గోడకు వేలాడదీసింది. పైన "పసిఫిక్ చుట్టం" అని చీటీ.

దశ 5: చీకటి (రోజు 80 నుంచి 86)

మొదట నీలిరంగు ఎల్ఈడీ పట్టీ పెట్టి, తీసేశాను. 2,400 మీటర్ల లోతుకు ఎండ చేరదు, నీలం కూడా చేరదు. మనిషి వెలుగు పట్టుకెళ్తేనే అక్కడ ఏదైనా కనబడుతుంది. తొట్టికి మూడు వైపులా నల్ల గుడ్డ, పైన మూలలో ఒకే ఒక తెల్ల లైటు. మీట నొక్కితే లైటూ పంపూ కలిసి మొదలై, టైమర్ రిలే 180 సెకన్లకు రెండిటినీ ఆపుతుంది. ఆ లైటుకు మత్స్య 6000 అని పేరు పెట్టాను. మన పళ్లికరణైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ ముగ్గురు మనుషుల్ని 6,000 మీటర్ల లోతుకు దింపడానికి తయారు చేస్తున్న వాహనం అది. మనుషులు కూర్చునే టైటానియం గోళం వ్యాసం 2.1 మీటర్లు. ఆ కొలతతో హాల్లో సుద్దముక్కతో వృత్తం గీశాను, పిల్లలు ముగ్గురు చొప్పున అందులో కూర్చుని మీట నొక్కేలా.

లైటు, రిలే, మీట, గుడ్డ: 550. మొత్తం రూ. 7,040.

చీటీల్లో ఒకటి నాలుగుసార్లు రాసి చించాను. అదే సల్ఫైడులో రాగి, జింకు, బంగారం ఉంటాయి. హిందూ మహాసముద్రపు గట్టుల మీద 10,000 చదరపు కిలోమీటర్లలో వాటిని అన్వేషించడానికి మన దేశం 2016లో అంతర్జాతీయ సముద్రతల సంస్థతో 15 ఏళ్ల ఒప్పందం చేసుకుంది. సముద్రతలాన్ని తవ్వే ముప్పు ఉందన్న కారణంతోనే 2019లో ఇనుప పొలుసుల నత్త అంతరించే ప్రమాదమున్న జీవాల ఎర్ర జాబితాకెక్కింది. చివరికి ఈ రెండు వాక్యాలూ పక్కపక్కనే రాసి, నత్తల ఎదురుగా పెట్టాను. నత్త ఇల్లూ, మనం ఖనిజం అనేదీ ఒకే రాయి. అది తొట్టి ముందు నిలబడ్డవాళ్లకు తెలియాలని నాకు గట్టిగా ఉంది.

కొలువు రోజుల లెక్క

రోజు 1: ప్రదర్శనలు 3. పొగ 24 సెం.మీ.
రోజు 2: ప్రదర్శనలు 7. పేరంటానికి వచ్చిన పిల్లలు వృత్తం వదల్లేదు. మట్టం 10 మి.మీ. పెరిగింది. రాత్రి పావు గ్రాము హైపో.
రోజు 4: మొత్తం 19. పొగ 27 సెం.మీ. లేచి ఆలస్యంగా తేటపడుతోంది, హైపో తగ్గింది. అర గ్రాము.
రోజు 5: సగం నీళ్లు మార్పు. 1.1 కిలోల ఉప్పు, అర గ్రాము హైపో. రెండు రొయ్యలు ఊడాయి, మళ్లీ అంటించాను.
రోజు 7: మొత్తం 34. పంపు గొట్టం రోలర్ల దగ్గర చదునైపోయి ధార నిమిషానికి 48 మి.లీ.కి పడింది. గొట్టాన్ని 3 సెం.మీ. జరిపితే 59.
రోజు 9: మొత్తం 43. పొగ నీళ్లు సుమారు 7.6 లీటర్లు. తొట్టి తేటగానే ఉంది.

విప్పేటప్పుడు లెక్కపెడితే రాలిన చమ్కీలు 41, అందులో 33 మొదటి నత్తవే. దాన్ని ఒలిచి కింది వరస నుంచి మళ్లీ వేస్తున్నాను. ఉప్పునీళ్లు మొక్కలకు పోయకండి, కాలువలోకి వదిలి పైన రెండు బకెట్ల మంచినీళ్లు పోయండి. వచ్చే ఏడాదికి గొట్టం మందమైనది, 3 మి.మీ. గోడది, కొని పెట్టాను.